పాచికల నుండి పాఠశాలకు

లోకవ్యవహారమున రెండు మాటలు మిక్కిలి విరివిగా వినబడుచుండును. ఒకటి "తప్పక జరుగును" అనునది. రెండవది "ఏమో, దైవమునకే ఎఱుక" అనునది. ఈ రెంటికిని నడుమ విశాలమైన ప్రదేశ మొకటి కలదు. వానలు, పంటలు, వ్యాధులు, కాన్పులు, బేరసారములు మున్నగున వన్నియు ఆ నడిమి ప్రదేశమునకు జెందినవి. ఇవి నిశ్చయములును గావు, బొత్తిగా నజ్ఞేయములును గావు. మన జీవితములో హెచ్చు భాగ మిచ్చటనే గడచుచున్నది. ఈ ప్రదేశమును గొలుచుటకు మానవుడు కల్పించుకొన్న కొలబద్దయే సంభావ్యతా గణితము.

నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పదవ తరగతి గణిత పుస్తకమునందు ఈ విషయమున కొక యధ్యాయము కలదు. అందలి ముఖ్యసూత్రము ఒక్క పంక్తికి మించదు. మనకు గావలసిన ఫలితములెన్నియో లెక్కించి, జరుగుట కవకాశమున్న ఫలితముల మొత్తముచే భాగింపవలయును. బాలబాలిక లీ సూత్రమును వల్లించి, పరీక్షలో దానికి గల మార్కులు సంపాదించి, ఆ వెనుక మరచిపోవుచున్నారు. ఇంత చిన్న సూత్రము చేజిక్కుటకు మానవజాతికి వేల యేండ్లు పట్టినదనియు, చిక్కిన పిమ్మట సైతము మహామేధావులు దీనియందు గాలుజాఱి పడిరనియు వారి కెవ్వరును జెప్పరు. ఆ చరిత్ర యెఱిగినగాని ఈ సూత్రమునకు ప్రాణమేదియో, గృహస్థునకు దీనివలన నుపయోగమేమియో తెలియదు.

పాచికలు మానవునకు నూతనములు గావు. మొహంజొదారో త్రవ్వకములలో ఘనాకారమైన పాచికలు బయల్పడినవి. ఋగ్వేదము పదవ మండలమునందలి ముప్పదినాలుగవ సూక్తము ఒక జూదరి విలాపము. ఆలి యీసడింపగా, అత్త ద్వేషింపగా, అప్పులవారికి వెఱచి తిరుగు వాని దుఃఖ మందు వర్ణింపబడినది. భారతము సంగతి చెప్పనేల? ఒక జూదమువలన ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్ను, ద్రౌపదిని వరుసగా నోడెను.

ఆ భారతముననే ఆరణ్యపర్వమున నలోపాఖ్యానము కలదు. ఋతుపర్ణ మహారాజు రథముపై బోవుచు ఒక తాండ్రచెట్టును జూచి, దాని యాకులును కాయలును ఇన్నియని చెప్పెను. బాహుకుడై యున్న నలుడు ఆ మాటను వినినంతనే నమ్మలేదు. రథము నాపి, చెట్టును బడగొట్టి, తాను స్వయముగా లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. తాను అక్షహృదయము నెఱిగినవాడననియు, సంఖ్యానమునందు నేర్పరి ననియు అంతట ఋతుపర్ణుడు చెప్పెను. నలుడు తన యశ్వహృదయము నాతనికిచ్చి ఆ విద్యను గ్రహించెను. గ్రహించినంతనే కలి యతనిని విడిచిపోయెను. పాచికల మర్మమును, లెక్కించు నేర్పును ఒక్క వ్యక్తియందే యిమిడ్చి చెప్పుట ఈ కథలోని విశేషము. ఆ కాలమున పాచికలుగా వాడినవి తాండ్రకాయలే యగుటయు గమనింపదగినది.

ఇంతమాత్రమున సంభావ్యతా గణితమును మనవారే కనుగొనిరని చాటుట సత్యమునకు దూరము. కథలో ఆ విద్య మంత్రమువలె చేతులు మాఱినది. పందెపు లెక్క యెట్లు కట్టవలయునో బోధించు ప్రాచీన గ్రంథ మేదియు మనకు సంక్రమింపలేదు. అయినను దానికి వలసిన పనిముట్టు మాత్రము మన యింట నుండెను. పింగళుని ఛందస్సూత్రములకు పదవ శతాబ్దమున వ్యాఖ్య రచించిన హలాయుధుడు మేరుప్రస్తారమును వివరించెను. తొమ్మిదవ శతాబ్దపు మహావీరాచార్యుడు, కొన్ని వస్తువులనుండి కొన్నింటిని ఎన్ని విధముల నేరుకొనవచ్చునో తన గణితసారసంగ్రహమున సామాన్యసూత్రముగా జెప్పెను. ఆ గ్రంథమును పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుని లీలావతి వెలసెను. గురులఘువులను, మందులలోని రుచులను ఎన్ని విధముల గలుపవచ్చునో లెక్కించిన బుద్ధి, పాచికలు ఎన్ని విధముల బడగలవో లెక్కింపలేదు. గ్రీకులును రోమనులును గూడ నింతియే. పాచిక పడుట దైవేచ్ఛయను భావము గట్టిపడినచోట, దానిని లెక్కింపవచ్చునను తలంపే పుట్టదు.

ఈ తలంపు క్రమముగా ఐరోపాలో మొలకెత్తినది. 1494లో లూకా పచ్చియోలి యను ఇటలీ సన్న్యాసి తన గణితగ్రంథమున నొక చిక్కు ప్రశ్న వేసెను. ఇరువురు సమానముగా పణమొడ్డి ఆడుచుండగా, ఆట ముగియకముందే నిలిచిపోయిన యెడల ఆ ధనమును ఎట్లు పంచుకొనవలయును? అంతవఱకు గెలిచిన యాటల నిష్పత్తినిబట్టి పంచవలయునని యాయన తీర్పు. 1556లో టార్టాలియా దీని నాక్షేపించెను. ఒకడు ఒక్క యాట గెలిచి, రెండవవాడింకను ఒక్కటియు గెలువని సమయమున ఆట నిలిచినచో, మొదటివాడు సర్వమును గొనిపోవలసి వచ్చునే, ఇదేమి న్యాయమని యడిగెను. ప్రశ్న నిలిచిపోయినది; సమాధానము రాలేదు.

అదే దేశమున, అదే శతాబ్దమున కార్డానో యను వైద్యుడుండెను. ఈయన గణితమున దిట్ట, జూదమున వ్యసని. పాచికలాటపై నీయన వ్రాసిన చిన్న పుస్తకము, ఆయన మరణించిన 87 ఏండ్లకు, 1663లో అచ్చుపడినది. సమానముగా జరుగగల ఫలితముల నన్నింటిని ముందుగా లెక్కించి, అందు మనకనుకూలములైనవి యెన్నియో చూచి, ఆ నిష్పత్తిని బట్టియే పణమొడ్డవలెనని యందు గలదు. నేటి పాఠశాల సూత్రమునకు ఇది బీజము. ఇందు "సమానముగా" అను మాటయే కీలకము. ఆ మాటను మఱచినవారందఱును తప్పినారు.

అది యెట్లో గెలీలియో యొద్దకు వచ్చిన ప్రశ్నవలన దెలియును. మూడు పాచికలు వేసినపుడు మొత్తము 9 వచ్చుటకు ఆఱు విధములు గలవు: 1, 2, 6, 1, 3, 5, 1, 4, 4, 2, 2, 5, 2, 3, 4, 3, 3, 3. మొత్తము 10 వచ్చుటకును ఆఱే విధములు గలవు: 1, 3, 6, 1, 4, 5, 2, 2, 6, 2, 3, 5, 2, 4, 4, 3, 3, 4. అయినను 9 కంటె 10 కొంచె మెక్కువసారులు పడుచున్నదని చిరకాలము ఆడినవారు కనిపెట్టిరి. కారణమేమి? 1, 2, 6 అనునది ఒక్క విధముగా గనబడినను, ఏ పాచికపై నేది పడినదని చూచినచో ఆఱు విధములు. 3, 3, 3 అనునది మాత్రము ఒక్కటే విధము. ఇట్లు విడదీసి లెక్కించినచో, మూడు పాచికలు పడగల 216 విధములలో 9 వచ్చునవి 25, పది వచ్చునవి 27 అని తేలును. ఇంత స్వల్పభేదమును అనుభవము పసికట్టినది; దానికి కారణమును లెక్క చూపినది.

పచ్చియోలి ప్రశ్నకు సమాధానము 1654లో లభించెను. ఆనాటి ఫ్రాన్సు దేశమున షెవాలియె ద మెరె యను రసికుడు పాస్కల్ పండితుని రెండు సందేహము లడిగెను. మొదటిది పాచికలను గూర్చినది. ఒక పాచికను నాలుగుసారులు వేసినచో ఒక్కసారియైన ఆఱు పడునని పందెము కట్టుట లాభకరము. అట్లయిన, రెండు పాచికలను ఇరువదినాలుగుసారులు వేసి, ఒక్కసారియైన జంట ఆఱులు పడునని పందెము కట్టుటయు లాభకరము గావలదా? ఆఱింటికి నాలుగెట్లో, ముప్పదియాఱింటికి ఇరువదినాలుగును అట్లే గదా! ఇది ద మెరె వాదము. లెక్క కట్టి చూడగా మొదటి పందెమున 671 పాళ్లు గెలుపునకును, 625 పాళ్లు ఓటమికిని ఉన్నవి. రెండవ పందెమున గెలుపు నూటికి 49 పాళ్లు మాత్రమే. త్రైరాశికము ఇచ్చట పనికిరాదు. ద మెరె ఈ ఫలితమును జూచి గణితశాస్త్రమే పరస్పర విరుద్ధమని కోపించెనట!

రెండవది ఆట నిలిచిపోయిన సందర్భమున పంపకము. దీనినిగూర్చి పారిస్ నగరముననున్న పాస్కల్, టూలూజ్ న్యాయస్థానమున నుద్యోగియైన ఫెర్మా ఉత్తరములు వ్రాసికొనిరి. ఆ యిరువురు ఒకరినొకరు కన్నులారా చూచియుండలేదు. పాస్కల్ చూపిన యుదాహరణము సుబోధము. చెఱి ముప్పదిరెండు బంగారు నాణెము లొడ్డిరి. ముందుగా మూడాటలు గెలిచినవానికి అఱువదినాలుగును దక్కును. మొదటివాడు రెండును, రెండవవాడు ఒకటియు గెలిచియుండగా ఆట ఆగినది. తరువాతి యాటను మొదటివాడు గెలిచినచో అంతయు నతనిదే. ఓడినచో ఇద్దఱును సమానులై చెఱి ముప్పదిరెండు పంచుకొందురు. కావున ఎట్లు జూచినను ముప్పదిరెండు మొదటివానికి నిశ్చయము. మిగిలిన ముప్పదిరెండింట సగపాలు న్యాయము. వెరసి మొదటివానికి 48, రెండవవానికి 16.

ఫెర్మా వేఱొక త్రోవను బట్టెను. ఇంకను రెండాటలలో ఫలితము తేలకతప్పదు. ఆ రెండాటలు నాలుగు విధములుగా ముగియవచ్చును: రెండును మొదటివాడు గెలుచుట, మొదటిది యితడు, రెండవది యతడు, మొదటిది యతడు, రెండవది యితడు, రెండును అతడే గెలుచుట. నాలుగింట మూడు మొదటివాని కనుకూలములు. నాలుగింట మూడు పాళ్లన్నను, మూడింటికొకటి చొప్పున పందెము గట్టవచ్చునన్నను ఒక్కటే యర్థము. త్రోవలు వేఱైనను ఫలము 48, 16 అని యొక్కటే వచ్చుటను జూచి పాస్కల్ ఎంతయు సంతోషించెను. అప్పుడు రోబెర్వాల్ అను గణితజ్ఞు డొక యాక్షేపణ తెచ్చెను. మొదటివాడు తరువాతి యాట గెలిచినచో ఆట యంతటితో సరి. ఆడని రెండవ యాటను లెక్కలో జేర్చుట యెట్లు? ఈ యాక్షేపణ తాత్కాలికముగా నణగినను, నూఱేండ్లకు మరల దల యెత్తినది.

1655లో పారిస్ నగరమునకు బోయి ఈ ప్రసంగమును వినిన హైగెన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1657లో ఈ విషయమున మొట్టమొదటి అచ్చు పుస్తకమును ప్రకటించెను. అందు పదునాలుగు ప్రతిపాదనములును, చదువరు లభ్యాసము చేయుటకై చివర నైదు ప్రశ్నలును గలవు. గురువు ప్రశ్నయిచ్చి శిష్యునిచే లెక్క కట్టించు పద్ధతి ఈ శాస్త్రమున దీనితో ప్రారంభమైనదన వచ్చును.

ఇక మహామేధావి పొరపాటును వినుడు. పద్దెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి విజ్ఞానసర్వస్వమునకు సంపాదకులలో నొకడైన దాలంబేర్ గొప్ప గణితవేత్త. 1754లో అందాయన నాణెము నెగురవేయుటను గూర్చి వ్రాసెను. నాణెమును రెండుసారు లెగురవేసినచో ఒక్కసారియైన బొమ్మ పడుటకు ఎన్ని పాళ్లు? ఆయన వాదమిది: మొదటనే బొమ్మ పడినచో పని ముగిసినది, లేనిచో బొరుసు వెనుక బొమ్మ పడవచ్చును, లేదా రెండును బొరుసులే. విధములు మూడు, అనుకూలములు రెండు, కావున మూడింట రెండు. సరియైన సమాధానము నాలుగింట మూడు. రోబెర్వాల్ ఆక్షేపణయే ఇచ్చట వేఱు వేషమున వచ్చినది. మొదటనే బొమ్మ పడుట యను విధము మిగిలిన రెంటితో సమానము గాదు. దానికి రెట్టింపు బరువు గలది.

మన తెలుగు విద్యార్థికి దీనిని బోధించుట మిక్కిలి సులభము. వాడు ఛందస్సు నేర్చినవాడు. బొమ్మను గురువనియు, బొరుసును లఘువనియు ననుకొన్నచో, రెండక్షరముల గణములు నాలుగు: గగము, హగణము, వగణము, లలము. గురువు ముందు వచ్చిన హగణమును, లఘువు ముందు వచ్చిన వగణమును ఒక్కటేయని చెప్పిన విద్యార్థిని పండితుడు మందలింపక విడుచునా? గగమును హగణమును ఒక్కటిగా జుట్టి "మొదట గురువు" అని యొక్క విధముగా లెక్కించుటయే దాలంబేర్ చేసిన పని. మూడు నాణెములైనచో అక్షరగణము లెనిమిదియు నున్నవి. మూడును గురువులైనది మగణ మొక్కటి. రెండు గురువులవి యగణ రగణ తగణములు మూడు. ఒక్క గురువు గలవి భగణ జగణ సగణములు మూడు. గురువు లేనిది నగణ మొక్కటి. ఒకటి, మూడు, మూడు, ఒకటి. ఇదియే మేరుప్రస్తారములోని వరుస. పాస్కల్ త్రిభుజమని యైరోపావారు చెప్పునదియు నిదియే. భగణమునకును సగణమునకును గల భేద మెఱిగిన బాలుడు దాలంబేర్ పొరపాటును చేయనే చేయడు.

ఇంతవఱకు చెప్పినది, ఫలితములు సమానములని మనకు ముందుగా దెలిసిన సందర్భము. తెలియనిచోట నేమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో బేసెల్ నగర వాసియైన యాకోబ్ బెర్నూలీ ఇరువదియేండ్లు శ్రమించెను. ఆయన 1705లో మరణింపగా, గ్రంథము 1713లో వెలువడినది. ప్రయోగములు పెరిగినకొలది, మనము చూచిన నిష్పత్తి నిజమైన నిష్పత్తికి చేరువగా నుండుట మిక్కిలి సంభావ్యమగునని ఆయన నిరూపించెను. మన యిండ్లలో అష్టాచెమ్మా ఆడు గవ్వలు దీనికి మంచి యుదాహరణము. నాలుగు గవ్వలు పడగల విధములు పదునాఱు. నాలుగును ఒకే తీరున బడి అష్టయో చెమ్మయో వచ్చుటకు రెండే విధములు. రెండు వెల్లకిల, రెండు బోర్ల పడుటకు ఆఱు విధములు. అయితే గవ్వ నాణెమువంటిది గాదు. దాని రెండు ప్రక్కలు సమానములు గావు. కావున ఈ పదునాఱును సమానములని ముందుగానే నిశ్చయింపరాదు. ఒక గవ్వను నూఱుసారులు, రెండు వందలసారులు వేసి, పలకపై గీతలు గీసి చూడవలయును. తలచిన లెక్కయు, చూచిన లెక్కయు ఎంతవఱకు గలియునో అప్పుడు తెలియును.

బెర్నూలీ సిద్ధాంతమును అపార్థము చేసికొనుటవలననే సంసారములకు మహానర్థము గలుగుచున్నది. దీర్ఘకాలమున బొమ్మబొరుసులు సరిసమానమునకు చేరువగునన్నచో, వరుసగా ఐదు బొరుసులు పడినపుడు ఆఱవది బొమ్మయే పడవలెనని జూదరి తలంచును. నాణెమునకు జ్ఞాపకశక్తి లేదు. అది పాత బాకీని దీర్పదు. ఆఱవసారియు బొమ్మకు సగపాలు, బొరుసునకు సగపాలు. ముందు పడిన ఐదు బొరుసులను తరువాతి వేలకొలది విసరులు చెల్లగొట్టవు; ఆ వేలలో నవి పలుచనై కనబడకుండ పోవును. "ఇంతసేపు ఓడితిని, ఇక గెలువకతప్పదు" అను వాక్యమే జూదగాని ఇల్లాలి మెడలోని పుస్తెలను తాకట్టునకు బంపునది.

ఈ భ్రమ జూదశాలలోనే యుండునని యనుకొనరాదు. 1814లో ప్రకటించిన తాత్త్విక వ్యాసమున లప్లాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు తాను స్వయముగా జూచిన వింత నొకదానిని వ్రాసినాడు. కుమారుని గోరు తండ్రులు, తమ భార్యల ప్రసవమాసమున ఊరిలో మగపిల్లలు పుట్టిరని విన్నపుడెల్ల దిగులుపడెడివారట. మగపిల్లలు ముందే పుట్టినందున ఇక నాడుపిల్లల వంతు వచ్చునని వారి భయము! ఫ్రాన్సులో తండ్రులు ఊరి లెక్క గట్టిరి. మన దేశమున నింటి లెక్క గట్టుదురు. మువ్వురు బాలికలను గన్న తల్లిని జూచి, ఈసారి తప్పక మగబిడ్డయని ఓదార్చువారు కొందఱు. ఈమెకు ఆడుసంతానమే వ్రాసియున్నదని నిందించువారు కొందఱు. ఇరువురును తప్పినవారే. నలుగురును బాలికలే యగుటకు మొదట పదునాఱింట సుమా రొక్క పాలు. కాని మువ్వురు పుట్టిన వెనుక నాలుగవ కాన్పు మరల నించుమించు సగపాలే. ప్రకృతిలో నూఱుగురు బాలికలకు సుమారు 105 మంది బాలురు జన్మింతురు. ఆ స్వల్పభేద మొక్కటియే. బిడ్డ ఆడో మగో నిర్ణయించునది తండ్రినుండి వచ్చు బీజకణమని జీవశాస్త్రము చెప్పుచున్నది. తల్లిని నిందించుటకు గణితమునందును గాని, జీవశాస్త్రమునందును గాని ఆధారము లేదు. గర్భస్థశిశువు లింగమును వెల్లడించుటను నిషేధించుచు మన దేశమున 1994లో చట్టమైనది. ఆ చట్టము వెనుక నీ చిన్న లెక్కయు నిండ్లలో బ్రవేశించియున్నచో ఎంత మేలు!

ఈ శాస్త్రము అనర్థమును దెలుపుటకే గాక, ప్రాణరక్షణమునకును బనికివచ్చినది. 1760లో యాకోబ్ సోదరపుత్రుడైన డానియేల్ బెర్నూలీ మశూచికమును గూర్చి పారిస్ విజ్ఞానపరిషత్తు నెదుట నొక లెక్క నుంచెను. రోగి బొబ్బలనుండి తీసిన పదార్థమును ఆరోగ్యవంతుని శరీరమున బ్రవేశపెట్టుట ఆనాటి టీకా. దానివలన కొందఱు చనిపోవుటయు గలదు. రెండువందలలో నొక్కరు చనిపోవుదురని పెట్టుకొన్నను, జనుల సగటు ఆయువు సుమారు మూడేండ్లు పెరుగునని యాయన చూపెను. పూర్వోక్తుడైన దాలంబేర్ దీని నాక్షేపించెను. నేడు నా బిడ్డ చేతిలో జచ్చుటకును, ఎన్నడో రోగమున జచ్చుటకును తల్లి మనస్సున సమానమగునా యని యాయన ప్రశ్న. ఈ ప్రశ్న హృదయము గలది. సగటు లెక్క తల్లిభయమును దీర్పజాలదు. కాని భయమును బయట బెట్టి తూచుటకు త్రాసు నిచ్చును. 1796లో జెన్నర్ గోమశూచికపు టీకాను గనిపెట్టెను. 1980లో ప్రపంచమున మశూచికము నిర్మూలమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

ఇరువదవ శతాబ్దమున 1933లో కొల్మొగొరోవ్ అను రష్యా గణితజ్ఞుడు ఈ శాస్త్రమునకు దృఢమైన పునాదులు వేసెను. మన దేశమున మహలనోబిస్ 1931లో కలకత్తాయందు భారత గణాంకసంస్థను స్థాపించెను. తెలుగు కుటుంబమున 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము జదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఆ సంస్థను జేరి, 1945లో ప్రకటించిన యొక్క వ్యాసముచే జగత్ప్రసిద్ధుడయ్యెను. పరిమితమైన పరిశీలనలనుండి నిజమును ఎంత దగ్గఱగా నూహింపవచ్చునను ప్రశ్నకు అందు హద్దు చూపబడినది. ఆయన 2023లో దివంగతుడయ్యెను. పాచికలనుండి పుట్టిన లెక్క పంటల దిగుబడిని, ఔషధముల గుణమును, జనుల యాహారమును అంచనా వేయు స్థితికి ఎదిగినది.

ఇట్టి శాస్త్రమును పాఠశాలలో బోధించు తీరు మాత్రము విచారింపదగి యున్నది. పాఠ్యపుస్తకములలో పేకముక్కల ప్రశ్నలు విరివిగా గలవు. పేక ముట్టని యింట బుట్టిన బాలికకు ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అనుమాటలే తెలియవు. ముక్కలు యాబదిరెండనియు, బొమ్మముక్కలు పండ్రెండనియు ఆమె బట్టీ పట్టవలసినదే. లెక్క రాక గాదు, జూదపు పరికరము తెలియక మార్కులు పోగొట్టుకొనును. కొందఱు తల్లిదండ్రులు ఈ యధ్యాయమును జూచి, బడిలో జూదము నేర్పుచున్నారా యని కినియుదురు. వారి కోపము సగము న్యాయము. ఈ గణితము జూదమున బుట్టినదని దాచుట తగదు. కాని జూదపు పరికరములతోనే బోధింపవలెనను నియమమును లేదు. గణములు, గవ్వలు, సంచిలోని చింతగింజలు, బియ్యములోని రాళ్లు, వారములోని వానదినములు, ఇవి యన్నియు మనకు జాలును.

పందెపు లెక్కనే పందెమునకు విరుగుడుగా బోధింపవచ్చును. పది రూపాయల చొప్పున లక్ష చీట్లు అమ్మి, ఒక్కనికి ఐదు లక్షలు బహుమతి యిచ్చు లాటరీ నూహింపుడు. వసూలైనది పది లక్షలు; ఇచ్చినది ఐదు లక్షలు. హైగెన్స్ పద్ధతిని జూచినచో, పది రూపాయలిచ్చి కొన్న ప్రతి చీటియు సగటున ఐదు రూపాయలే చేయును. గెలుపునకు ఒక్క పాలు, ఓటమికి 99,999 పాళ్లు. ఈ లెక్కను స్వహస్తముతో గట్టిన బాలుడు పెద్దవాడై చీటి కొనబోయినపుడు, కనీసము తాను కొనునది ఆశయేగాని ధనము గాదని యెఱుగును. డబ్బు పందెముగా పెట్టి అంతర్జాలమున నాడు ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. చట్టము వాకిట కావలి కాయును. ఇంటిలోపల, అఱచేతిలోని ఫోనుపై ఒంటరిగా నున్నవానికి కావలి యతని బుద్ధియే.

కావున ఉపాధ్యాయులు సూత్రముతో గాక ప్రయోగముతో మొదలిడవలయును. తరగతిలో ప్రతి బాలుడును, ప్రతి బాలికయు నాణెమును యాబదిసారు లెగురవేయవలెను. వరుసగా నెన్ని బొరుసులు పడినవో వ్రాసికొనవలెను. ముందుగా తమ యంచనాలు చెప్పి, పిమ్మట లెక్క కట్టి, ఆ వెనుక వేసి చూడవలెను. అందఱి ఫలితములును పలకపై నొకచో గూర్చినపుడు బెర్నూలీ సిద్ధాంతము వారి కన్నుల యెదుట నడచును. వరుసగా ఐదు బొరుసులు పడుట యసాధారణము గాదనియు, ఆ తరువాతి విసరున నాణెము ఏ ఋణమును దీర్పదనియు వారు స్వయముగా జూచెదరు. తల్లులును సాయంకాలమున గవ్వలు పఱచి ఈ పాఠమునే యింట చెప్పవచ్చును. ఇందులకు గొప్ప చదువుతో బనిలేదు, ఓపికతో గీతలు గీయుట చాలును.

ఋతుపర్ణుని వంటి మహారాజు చెప్పినను నలుడు నమ్మక, చెట్టు నొద్ద నిలిచి లెక్కించి చూచెను. దాలంబేర్ వంటి మహాపండితుడు చెప్పినను అతని తరువాతివారు లెక్కించి చూచి దిద్దిరి. మన పిల్లలకు ఈ యధ్యాయము నేర్పవలసినదియు నీ యలవాటే. అదృష్టమను పేర చెప్పబడు మాట ఏదియైనను, అందు సమానములైన విధము లెన్ని, అనుకూలములెన్నియని యడిగి చూచు బాలిక రేపు తన యింట పుట్టిన యాడుబిడ్డను నిట్టూర్పుతో స్వీకరింపదు. అట్టి బాలుడు తన కుటుంబపు కూటిని పందెమున బెట్టడు.